మౌస్‌బర్డ్‌లు: గుర్తింపు, జాతులు, జీవన విధానం

మౌస్‌బర్డ్‌లు సహారా ఎడారికి దక్షిణాన, ఆఫ్రికా ప్రధాన భూభాగంలో మాత్రమే ఉండే చిన్న పక్షులు. గుంపులుగా తిరుగుతూ పండ్లు, ఆకులు, మొగ్గలు, పూలు తిని బతుకుతాయి. కోలిఫార్మిస్ అనే క్రమంలో నేడు మిగిలింది కోలిడే అనే ఒక్క కుటుంబమే. అందులో రెండు ప్రజాతులు, ఆరు జాతులు ఉన్నాయి. కోలియస్ ప్రజాతికి నాలుగు జాతులు, యూరోకోలియస్ ప్రజాతికి రెండు జాతులు చెందుతాయి. బూడిద, గోధుమ రంగులు కలిసిన మెత్తని ఈకలు, సన్నని పొడవాటి తోక, పొదల్లో ఎలుకలా పాకే అలవాటు వల్ల వీటికి ఈ పేరు వచ్చింది. జులు, ఖోసా భాషల వాళ్లు వీటిని ఇండ్లాజి అంటారు.

రంగును నమ్ముకుంటే ఈ పక్షులను గుర్తుపట్టడం కష్టం. ఆరు జాతులూ దూరం నుంచి మాసిన గోధుమ రంగులోనే కనిపిస్తాయి. ఆడ, మగ తేడా కూడా పైకి తెలియదు. ఆకారం, కూర్చునే తీరు, గుంపు కదిలే పద్ధతి చూస్తే ఇది మౌస్‌బర్డ్ అని ముందు తేలుతుంది. ముఖం, ముక్కు, మెడ వెనుక భాగం, నడుము చూస్తే ఏ జాతో తెలుస్తుంది. పక్షిని చూసిన ప్రాంతం తెలిస్తే ఆరింటిలో సగం ముందే పక్కకు పోతాయి.

ఆకారం, పరిమాణం

తోకతో కలిపి మౌస్‌బర్డ్ పొడవు సుమారు 30 నుంచి 38 సెంటీమీటర్లు. ఇందులో సగానికి పైగా తోకే. తోక తీసేస్తే శరీరం పిగిలిపిట్ట కంటే చిన్నది. బరువు చాలా జాతుల్లో 50, 60 గ్రాముల చుట్టూ ఉంటుంది. తోకలో పది ఈకలు ఉంటాయి. అవి గట్టిగా ఉండి, మధ్య ఈకల నుంచి పక్కలకు వచ్చేకొద్దీ మెట్లు మెట్లుగా కురచవుతాయి. అందుకే తోక కొస సన్నగా మొనదేలి ఉంటుంది.

నెత్తిన మెత్తని సిగ ఉంటుంది. పక్షి దాన్ని నిక్కబొడుచుకోగలదు, తలకు అణచిపెట్టుకోగలదు. సిగ లేచి ఉన్నప్పుడు తల మూడు మూలలుగా, అణిగినప్పుడు గుండ్రంగా కనిపిస్తుంది. ముక్కు పొట్టిగా, లావుగా, కొద్దిగా కిందికి వంగి ఉంటుంది. పండు తొలిచి తినడానికి, ఆకు అంచు తుంచడానికి అది అనువైనది. రెక్కలు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. ఒంటి ఈకలు వెంట్రుకల్లా సన్నగా, వదులుగా ఉండడంతో వాటి అంచులు స్పష్టంగా కనబడవు.

కాళ్లు, కూర్చునే తీరు

ఈ కుటుంబానికి తిరుగులేని గుర్తు కాళ్లు. చాలా పక్షులకు మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. మౌస్‌బర్డ్‌కు లోపలి చివర, బయటి చివర ఉన్న రెండు వేళ్లు ఎటంటే అటు తిరుగుతాయి. అవసరమైతే నాలుగు వేళ్లనూ ముందుకు తిప్పి గోళ్లను కొక్కేల్లా కొమ్మకు తగిలించగలదు, రెండేసి వేళ్లను ముందూ వెనకా పెట్టి రెమ్మను పిడికిట్లో పట్టుకోనూగలదు. ఈ పట్టు వల్లే తలకిందులుగా వేలాడుతూ పండు తినడం, నిలువు కొమ్మ మీద పైకీ కిందికీ పాకడం, సన్నని రెమ్మ కొస దాకా వెళ్లడం దానికి వీలవుతుంది. పాకేటప్పుడు ముక్కును కూడా ఆసరాగా వాడుకుంటుంది.

మామూలు పక్షి కొమ్మ మీద నిలబడుతుంది. మౌస్‌బర్డ్ మాత్రం తరచు కొమ్మ నుంచి వేలాడుతుంది. దగ్గరగా చూస్తే పాదాలు దాదాపు భుజాల ఎత్తులో రెమ్మను పట్టుకుని ఉంటాయి. తొడలు రెండు పక్కలకు విడిపోయి, పొట్ట ముందుకు తేలి, ఒళ్లు కొమ్మ కిందికి జారినట్టు ఉంటుంది. తోక నిట్టనిలువుగా కిందికి వేలాడుతుంది. తెల్లవారుజామున పొద కొసల మీద అయిదారు పక్షులు ఇలా పొట్టలను సూర్యుడి వైపు తిప్పి కదలకుండా వేలాడుతుంటే, రంగు తెలియకపోయినా అవి మౌస్‌బర్డ్‌లేనని చెప్పవచ్చు.

ఎగిరే తీరు, కూత

మౌస్‌బర్డ్ గుంపు చెట్టు వదిలేటప్పుడు పక్షులన్నీ ఒకేసారి లేవవు. ఒకటి బయలుదేరుతుంది, కాసేపటికి ఇంకొకటి, దాని వెనుక మరొకటి వరుస కడతాయి. రెక్కలను వేగంగా టపటపలాడించి, ఆ వెంటనే కదపకుండా చాచి కొంత దూరం జారుతూ పోతాయి. తోక వెనుక నిటారుగా సాగి ఉంటుంది. వాలేటప్పుడు కొమ్మను చూసుకుని కుదురుగా వాలవు, పొదలోకి దూసుకుపోయి ఏ రెమ్మ దొరికితే దాన్ని పట్టుకుంటాయి. తర్వాత లోపల ఆకుల మధ్య పాకుతూ పైకి వస్తాయి. ఇది కోలియస్ జాతుల తీరు. యూరోకోలియస్ జాతులు ఇంతకంటే బలంగా ఎగురుతాయి. గుంపంతా దగ్గరగా కూడి, ఎత్తులో, తిన్నగా, వేగంగా దూరాలు దాటుతుంది.

వీటిలో ఏదీ పాటకత్తె కాదు. కోలియస్ ప్రజాతికి చెందిన పొడల మౌస్‌బర్డ్ గరగరమనే పొడి శబ్దాలు, గుసగుసల్లాంటి చిన్న కూతలు చేస్తుంది. గుంపు పొదలో ఉన్నంతసేపూ అవి వినిపిస్తూనే ఉంటాయి. యూరోకోలియస్ జాతుల కూత ఈల వంటిది. ఎర్రముఖం మౌస్‌బర్డ్ గుంపు ఎగురుతూ మూడు స్వరాల స్పష్టమైన ఈల వేస్తుంది, అందులో మొదటి స్వరం హెచ్చుగా ఉండి తర్వాతివి దిగుతాయి. జులు భాషలో దానికున్న ఉమ్‌చివోవో అనే పేరు ఈ కూతను అనుకరించేదే. నీలిమెడ మౌస్‌బర్డ్ ఒకే స్వరాన్ని సాగదీసి ఈల వేస్తుంది. అందువల్ల పొదలో కదలిక కనిపించకపోయినా గరగర విన్నచోట కోలియస్‌ను, ఈల విన్నచోట యూరోకోలియస్‌ను వెతకాలి.

ఆరు జాతులు

పొడల మౌస్‌బర్డ్: ఇంగ్లీషులో స్పెకిల్డ్ మౌస్‌బర్డ్, శాస్త్రీయ నామం కోలియస్ స్ట్రయేటస్. కుటుంబంలో అన్నిటికంటే విస్తారంగా వ్యాపించినది, తోటల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, బరువు దాదాపు 57 గ్రాములు. ఒళ్లంతా గోధుమ రంగు. గొంతు, రొమ్ము మీద సన్నని అడ్డచారలు, పొడలు ఉంటాయి, అవి దగ్గరికి వస్తే తప్ప కనబడవు. కళ్ల చుట్టూ, ముక్కు మొదట ముఖం నల్లగా ఉంటుంది. ముక్కు పై భాగం నలుపు, కింది భాగం పాలిపోయిన తెలుపు లేదా లేత గులాబి. రెండు రంగుల ఈ ముక్కే దీనికి ముఖ్యమైన గుర్తు. వీపు, నడుము ఒకే రంగులో ఉండడం వల్ల ఎగిరేటప్పుడు వెనుక ఏ మచ్చా మెరవదు. దీనికి 17 ఉపజాతులను గుర్తిస్తారు. చెంపల తెలుపు, కంటి రంగు, కాళ్ల రంగు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. తూర్పు ఆఫ్రికాలో కొన్ని ఉపజాతులకు చెంపలు తెల్లగా, కాళ్లు ఎర్రగా ఉంటాయి. దక్షిణాన చెంపల తెలుపు ఉండదు, కాళ్లు మసకగా ఉంటాయి. ఒక ప్రాంతంలో నేర్చుకున్న కాళ్ల రంగును మరో ప్రాంతంలో గుర్తుగా వాడకూడదు.

తెల్లవీపు మౌస్‌బర్డ్: వైట్‌బ్యాక్డ్ మౌస్‌బర్డ్, శాస్త్రీయ నామం కోలియస్ కోలియస్. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న పొడి నేలల పక్షి. తల, వీపు లేత బూడిద రంగు, పొట్ట లేత పసుపు. ముక్కు నీలం కలిసిన తెలుపులో ఉండి కొస నల్లగా ఉంటుంది. కాళ్లు ఎర్రగా ఉంటాయి. కూర్చున్నప్పుడు రెక్కల కింద దాగే గుర్తు ఒకటి ఎగిరినప్పుడు బయటపడుతుంది. నడుము మీద నిలువుగా తెల్లని పట్టీ, దానికి రెండు పక్కలా నల్లని అంచు, తోక మొదట ముదురు ఎరుపు. ఈ మూడు రంగులు ఒకేసారి కనిపించే మౌస్‌బర్డ్ ఆ ప్రాంతంలో మరొకటి లేదు.

తెల్లతల మౌస్‌బర్డ్: వైట్‌హెడెడ్ మౌస్‌బర్డ్, శాస్త్రీయ నామం కోలియస్ ల్యూకోసెఫాలస్. సోమాలియా, దక్షిణ ఇథియోపియా, కెన్యా, ఈశాన్య టాంజానియాల ముళ్లపొదల నేలలో ఉంటుంది. సిగ, నడినెత్తి తెల్లగా ఉంటాయి. కంటి చుట్టూ ముదురు రంగు చర్మం ఉండడం వల్ల ఆ తెలుపు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెడ మీద, ఒంటి మీద సన్నని అడ్డచారలు ఉంటాయి.

ఎర్రవీపు మౌస్‌బర్డ్: రెడ్‌బ్యాక్డ్ మౌస్‌బర్డ్, శాస్త్రీయ నామం కోలియస్ కాస్టనోటస్. ప్రధానంగా పశ్చిమ అంగోలాకు పరిమితమైన జాతి. నడుము, వీపు కింది భాగం ఇటుక రంగులో ఉంటాయి. కూర్చున్న పక్షిని పొడల మౌస్‌బర్డ్ అని పొరబడవచ్చు, ఎగిరితే మాత్రం ఆ ఎరుపు తేడా చెబుతుంది.

నీలిమెడ మౌస్‌బర్డ్: బ్లూనేప్డ్ మౌస్‌బర్డ్, శాస్త్రీయ నామం యూరోకోలియస్ మాక్రోరస్. సెనెగల్ నుంచి సోమాలియా దాకా సహారా దక్షిణపు అంచున ఉన్న పొడి నేలల్లో, అక్కడి నుంచి కిందికి టాంజానియా వరకు కనిపిస్తుంది. ఒళ్లు బూడిద రంగు. కంటి చుట్టూ, ముక్కు మొదట ఎర్రని చర్మం, మెడ వెనుక మెరిసే నీలి మచ్చ ఉంటాయి. తోక చాలా పొడవుగా, సన్నగా ఉంటుంది. ఎదుటి నుంచి చూస్తే మెడ వెనుక నీలం కనబడదు కాబట్టి పక్షి తల తిప్పే దాకా ఆగాలి.

ఎర్రముఖం మౌస్‌బర్డ్: రెడ్‌ఫేస్డ్ మౌస్‌బర్డ్, శాస్త్రీయ నామం యూరోకోలియస్ ఇండికస్. టాంజానియా నుంచి దక్షిణాఫ్రికా వరకు, పడమట అంగోలా వరకు ఉంటుంది. కంటి చుట్టూ, ముక్కు మొదట గాఢమైన ఎర్రని చర్మం, ముక్కు కొస నలుపు. ఒంటికి బూడిదలో కలిసిన లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. నుదురు, రొమ్ము లేత పసుపు రంగు. ఎగిరినప్పుడు నడుము లేత బూడిద రంగులో కనిపిస్తుంది. మెడ వెనుక నీలం ఉండదు. జాతి నామంలో ఇండికస్ అని ఉన్నా ఈ పక్షికి భారతదేశంతో సంబంధం లేదు. భారతదేశంలో ఏ మౌస్‌బర్డ్ జాతీ లేదు.

పిల్ల పక్షులతో కొంత తికమక వస్తుంది. వాటి తోక, సిగ కురచగా ఉంటాయి. యూరోకోలియస్ పిల్లల ముఖం మీది చర్మం ఎర్రగా కాక పచ్చగా ఉంటుంది. నీలిమెడ పిల్లకు మెడ వెనుక నీలం ఇంకా రాదు. ఒంటరి పిల్లను చూసి తేల్చుకోవడం కంటే దాని గుంపులోని పెద్ద పక్షులను చూడడం మేలు. సాధారణంగా ఒక గుంపులో ఒకే జాతి ఉంటుంది. పండ్ల చెట్టు మీద మాత్రం రెండు జాతుల గుంపులు కలిసి తినడం ఉంది.

ప్రాంతాన్ని బట్టి గుర్తింపు

నైజీరియా, కామెరూన్‌ల నుంచి తూర్పున ఇథియోపియా వరకు, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా మీదుగా దక్షిణాఫ్రికా తీరం దాకా పొడల మౌస్‌బర్డ్ ఉంది. దట్టమైన వానల అడవి లోపలికి అది వెళ్లదు, పూర్తి ఎడారిలోనూ ఉండదు. అడవి అంచులు, పొదలు, నదీ తీరాల చెట్లు, తోటలు, పట్టణాలు దానికి ఇష్టమైన చోట్లు. పశ్చిమ ఆఫ్రికాలో సహారా అంచున పొడి నేలలో కనిపించేది దాదాపు తప్పకుండా నీలిమెడ మౌస్‌బర్డే.

కెన్యాలో పొడల, నీలిమెడ, తెల్లతల జాతులు మూడూ ఉన్నాయి. తడి ఉన్న ఎత్తయిన చోట్ల, తోటల్లో పొడల జాతిని, పొడి ముళ్లపొదల్లో మిగతా రెండింటిని ముందుగా అనుకోవాలి. ముఖం ఎర్రగా ఉంటే నీలిమెడ, నెత్తి తెల్లగా ఉంటే తెల్లతల.

దక్షిణాఫ్రికాలోనూ మూడు జాతులు ఉన్నాయి. తూర్పు, దక్షిణ తీరాల పచ్చని నేలల్లో పొడల, పడమటి కరూ వంటి పొడి నేలల్లో తెల్లవీపు ఉంటాయి. ఎర్రముఖం దేశంలో చాలా చోట్ల కనిపిస్తుంది. కేప్ ప్రాంతంలో మూడింటినీ చూడవచ్చు. అక్కడ వాడదగ్గ పద్ధతి ముఖం నుంచి మొదలుపెట్టడం. ముఖం ఎర్రగా ఉంటే ఎర్రముఖం. ముక్కు పైన నలుపు, కింద తెలుపు ఉంటే పొడల. ముక్కు అంతా లేత రంగులో ఉండి కొస మాత్రమే నల్లగా ఉంటే తెల్లవీపు. క్వాజులు నటాల్‌లోని డర్బన్ తోటల్లో మామూలుగా కనిపించేది పొడల మౌస్‌బర్డ్. 1860 నుంచి నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉంది, కాబట్టి తెలుగు కుటుంబాల పెరళ్లలోని జామచెట్ల మీదికి వచ్చే ఆఫ్రికా పక్షుల్లో ఇదీ ఒకటి.

పొరబడే పక్షులు

సిగ, పండ్ల మీద ఆశ, తోటల్లో తిరగడం అనే మూడు గుణాల వల్ల బుల్బుల్‌ను మౌస్‌బర్డ్‌గా పొరబడే అవకాశం ఉంది. ఆఫ్రికా తోటల్లో ఉండే డార్క్‌క్యాప్డ్ బుల్బుల్ తెలుగు ఊళ్లలోని పిగిలిపిట్టకు దగ్గరి బంధువు. దాని తల నల్లగా, తోక మామూలు పొడవులో ఉంటుంది, తోక మొదట కింద పసుపు మచ్చ కనిపిస్తుంది. అది కొమ్మ మీద నిటారుగా నిలబడుతుంది, మౌస్‌బర్డ్‌లా వేలాడదు.

గ్రే గోఅవే బర్డ్‌కు పొడవాటి తోక, సిగ, బూడిద రంగు ఉండడం వల్ల దాని నీడరూపం మౌస్‌బర్డ్‌ను పోలి ఉంటుంది. కానీ అది దాదాపు అర మీటరు పొడవైన పెద్ద పక్షి, గొంతు పెద్దది, చెట్టు కొసన బాహాటంగా కూర్చుంటుంది. గ్రీన్ వుడ్ హూపో కూడా గుంపులుగా తిరుగుతుంది, తోక పొడవు, కొమ్మల మీద పాకుతుంది. అయితే దాని ఈకలు ముదురు రంగులో నిగనిగలాడతాయి, పొడవాటి ముక్కు వంగి ఎర్రగా ఉంటుంది, తోకలో తెల్లని మచ్చలు ఉంటాయి. పైగా అది పురుగుల కోసం బెరడును వెతుకుతుంది. పొడవాటి తోకలున్న పిన్‌టెయిల్డ్ వైడా మగపక్షి నలుపు తెలుపుల్లో ఉండి నేల మీద గింజలు ఏరుతుంది. ఆఫ్రికన్ పారడైజ్ ఫ్లైక్యాచర్‌కు వీపు, తోక ఇటుక రంగులో ఉంటాయి, అది గాలిలో పురుగులను పట్టుకుంటుంది. చిన్నగా ఉండి గుంపుగా పండ్లు తినే మరో పక్షి వైట్‌ఐ. దాని రంగు పసుపుపచ్చ, తోక పొట్టి, కంటి చుట్టూ తెల్లని వలయం ఉంటుంది కాబట్టి పొరపాటుకు తావు తక్కువ.

గుంపు జీవితం

మౌస్‌బర్డ్ ఒంటరిగా కనిపించడం అరుదు. మామూలు గుంపులో నాలుగు నుంచి ఇరవై దాకా పక్షులు ఉంటాయి. పండ్లు విరివిగా ఉన్న చోట ఇంకా పెద్ద గుంపులు చేరతాయి. తినడం, దుమ్ములో పొర్లడం, ఎండ కాగడం, నిద్రపోవడం అన్నీ కలిసే చేస్తాయి. ఒకదాని ఈకలను ఇంకొకటి ముక్కుతో సవరించడం తరచు చూడవచ్చు. ఈకల్లో చేరే పేలు, మైట్ల వంటి పరాన్నజీవులను వదిలించుకోవడానికి ఈ సవరింపు, దుమ్ము స్నానం రెండూ తోడ్పడతాయి.

రాత్రి పొద లోపల ఒకదాన్నొకటి హత్తుకుని గుత్తిగా వేలాడుతూ నిద్రపోతాయి. రొమ్ముకు రొమ్ము తగిలేలా, కొన్ని పక్షులు పక్కవాటి మీద పట్టు పెట్టుకుని కూడా ఉంటాయి. చీకటి పడే వేళకు ఈ గుత్తి కట్టడంలో చాలాసేపు సర్దుబాటు జరుగుతుంది.

ఆహారం

మౌస్‌బర్డ్‌ల తిండి దాదాపు పూర్తిగా శాకాహారమే. అడవి మేడిపండ్లు, రకరకాల చిన్న పండ్లు, తోటల్లోని జామ, బొప్పాయి, ద్రాక్ష, మల్బరీ, టమాటా తింటాయి. పండు మీద ఒక చోట తొలిచి గుజ్జు తింటూ లోపలికి పోతాయి. పండ్లు తక్కువైన కాలంలో చిగుళ్లు, ఆకులు, మొగ్గలు, పూలు తింటాయి. కలబంద జాతి మొక్కల పూల దగ్గర మకరందం కోసం కూడా చేరతాయి. ఆకులను గణనీయంగా తిని బతకగల చిన్న పక్షులు ప్రపంచంలో తక్కువ. ఆకులో శక్తి తక్కువ, అరగడం కష్టం. అందువల్ల ఈ పక్షులు రోజులో చాలాసేపు తింటూ, మిగతా సమయం కదలకుండా వేలాడుతూ గడుపుతాయి.

చిన్న గింజలు వీటి కడుపులోంచి దెబ్బతినకుండా బయటికి వస్తాయి. ఆ విధంగా ఆఫ్రికా సొంత చెట్ల వ్యాప్తికి ఇవి సాయపడతాయి. బయటి నుంచి వచ్చి అడవుల్లో అల్లుకుపోయిన లాంటానా వంటి మొక్కల గింజలను చల్లడంలోనూ వీటికి పాత్ర ఉంది.

చలి, ఎండ, శరీర ఉష్ణోగ్రత

తక్కువ శక్తినిచ్చే తిండితో చలిరాత్రులు గడపడానికి మౌస్‌బర్డ్‌లకు మూడు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది గుత్తి కట్టి పడుకోవడం. దగ్గరగా హత్తుకున్నప్పుడు గాలికి తగిలే ఒంటి భాగం తగ్గుతుంది. ఒంటరి పక్షితో పోలిస్తే గుత్తిలోని పక్షికి ఒంటి వేడి నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు బాగా తక్కువని దక్షిణాఫ్రికాలో తెల్లవీపు జాతి మీద జరిగిన పరిశోధనలు చూపాయి.

రెండవది శరీర ఉష్ణోగ్రతను దించుకోవడం. ఆకలితో, చలితో ఉన్న పక్షి ఒంటి వేడిని రాత్రిపూట తగ్గించుకుని జడావస్థలోకి పోగలదు. ఆ స్థితిలో గుండె, శ్వాస నెమ్మదిస్తాయి, శక్తి ఖర్చు తగ్గుతుంది. పొడల మౌస్‌బర్డ్‌లో ఈ శక్తిని ప్రయోగశాలలో పరిశీలించి 1970లో ప్రచురించారు. కడుపు నిండిన పక్షి, గుత్తిలో వెచ్చగా ఉన్న పక్షి సాధారణంగా అంత దూరం పోవు.

మూడవది ఎండ కాగడం. చల్లబడిన ఒంటిని సొంత శక్తితో వేడెక్కించుకోవడానికి బదులు ఉదయపు ఎండకు పొట్ట చూపిస్తూ వేలాడతాయి. పొట్ట మీది ఈకలు విడిపోయి లోపలి చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది. పక్షులను చూడదలచినవారికి ఇదే మంచి సమయం. గుంపంతా పొద పైకి వచ్చి, పొట్ట ఇటు తిప్పి, ఎక్కువసేపు కదలకుండా ఉంటుంది. ముఖం, ముక్కు, రొమ్ము చారలు అప్పుడే స్పష్టంగా కనిపిస్తాయి. నడుము రంగు కోసం మాత్రం అవి ఎగిరే దాకా ఆగవలసిందే.

గూడు, పిల్లలు

గూడు పొదలో లేదా చిన్న చెట్టులో గిన్నె ఆకారంలో ఉంటుంది. బయట పుల్లలు, వేళ్లు, గడ్డితో చిందరవందరగా అల్లి, లోపల మెత్తని పదార్థాలు, పచ్చి ఆకులు పరుస్తాయి. పొడల జాతి గుడ్లు తెల్లగా మచ్చలు లేకుండా ఉంటాయి. ఎర్రముఖం గుడ్ల మీద ఎర్రగోధుమ మచ్చలు ఉంటాయి. ఒక ఈతలో సాధారణంగా రెండు నుంచి నాలుగు గుడ్లు పెడతాయి. పిల్లలు రెండు వారాల లోపే బయటికి వస్తాయి. తల్లి, తండ్రి ఇద్దరూ పొదుగుతారు. గుంపులోని ఇతర పక్షులు, ముఖ్యంగా ముందటి ఈత పిల్లలు, పెంపకంలో సాయం చేయడం ఉంది.

గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఒంటి మీద ఈకలు దాదాపు ఉండవు. పెద్దవి మింగిన పండ్లను, ఆకులను తిరిగి కక్కి పిల్లల నోట పెడతాయి. పది రోజులు దాటగానే, రెక్కలు ఇంకా రాకపోయినా, పిల్లలు గూడు దాటి చుట్టుపక్కల కొమ్మల మీద పాకడం మొదలుపెడతాయి. పట్టు తప్పని కాళ్లు ఆ వయసుకే పనికి వస్తాయి. మరో వారంలో ఎగరగలుగుతాయి, అయినా కొన్ని వారాల పాటు పెద్దవాటి తిండి మీద ఆధారపడతాయి.

వర్గీకరణ, పూర్వ చరిత్ర

ఈ పక్షులను ఎక్కడ చేర్చాలో తెలియక తొలి శాస్త్రవేత్తలు తడబడ్డారు. 1766లో లిన్నేయస్ తెల్లవీపు జాతిని గింజలు తినే లావుముక్కు పిట్టలున్న లోక్సియా ప్రజాతిలోను, నీలిమెడ జాతిని ష్రైక్‌లున్న లానియస్ ప్రజాతిలోను పెట్టాడు. అంతకుముందే 1760లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రిస్సన్ కోలియస్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. పొడల మౌస్‌బర్డ్‌కు 1789లో గ్మెలిన్, ఎర్రముఖం జాతికి 1790లో లాథమ్ శాస్త్రీయ నామాలు పెట్టారు. ఎముకల నిర్మాణాన్ని పరిశీలించిన జేమ్స్ మ్యూరీ 1872లో వీటికి ప్రత్యేక క్రమం ఉండాలని తేల్చాడు.

జన్యు పరిశోధనలు వచ్చాక కూడా స్థానం గురించిన చర్చ సాగింది. కొన్ని విశ్లేషణలు వీటిని గుడ్లగూబల దగ్గర చేర్చాయి. ట్రోగన్‌లు, హార్న్‌బిల్‌లు, వడ్రంగిపిట్టలు ఉన్న పెద్ద శాఖకు దగ్గరి బంధువులని మరికొన్ని చెప్పాయి. పక్షి వంశవృక్షంలో ఇది చాలా పాత కొమ్మ అనే విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు.

ఇప్పుడు ఆఫ్రికాకే పరిమితమైన ఈ వర్గం ఒకప్పుడు యూరప్‌లో, ఉత్తర అమెరికాలో ఉండేదని శిలాజాలు చెబుతున్నాయి. అమెరికాలోని న్యూ మెక్సికోలో దొరికి 2017లో వర్ణించబడిన సిడియాజి అబినీ అనే చిన్న పక్షి సుమారు 6.2 కోట్ల ఏళ్ల నాటిది. డైనోసార్‌లు అంతరించిన 40 లక్షల ఏళ్ల లోపే మౌస్‌బర్డ్‌ల శాఖ విడిపోయి ఉందని దీనివల్ల తెలిసింది. వయోమింగ్‌లో దొరికిన సాండ్‌కోలియస్, జర్మనీలోని మెసెల్ గనుల్లో దొరికిన సెల్మెస్ ఆ తరువాతి ఇయోసీన్ యుగానివి. ఫ్రాన్స్‌లో మయోసీన్ యుగపు శిలాజాలు కూడా ఉన్నాయి.

మనుషులతో సంబంధం, సంరక్షణ

తోటలు పెంచేవారికి మౌస్‌బర్డ్‌లు అంతగా గిట్టవు. ఒక గుంపు వాలితే పండిన జామలు, ద్రాక్ష గుత్తులు పాడవుతాయి. కూరగాయల మళ్లలో మొలకలను, ఆకుకూరలను కూడా కొరుకుతాయి. పొదలోకి దూరి లోపలి నుంచి తింటాయి కాబట్టి బెదిరించి తోలడం సులభం కాదు. పండ్ల మీద వల కప్పడమే మామూలుగా చేసే పని.

అయినా అడవి కొట్టిన చోట తోటలు, కంచెలు, పొదలు పెరగడం వీటికి, ముఖ్యంగా పొడల జాతికి, అనుకూలించింది. మనుషుల మధ్య బతకడం అలవాటు చేసుకున్న ఈ పక్షి ఆఫ్రికా పట్టణాల్లో సాధారణ దృశ్యం. జంతు ప్రదర్శనశాలల్లోనూ మౌస్‌బర్డ్‌లను పెంచుతారు. అంగోలాకు దాదాపు పరిమితమైన ఎర్రవీపు జాతితో సహా ఆరింటినీ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం తక్షణ ముప్పు లేని జాతుల వర్గంలో ఉంచింది.